జెట్టుగారి యాభై

ఆ రోజు పొద్దున్న జెట్టుగారి పథకం చాలా మామూలుది. కాఫీ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదిమంది ముందూ అత్తగారిని ఓడించాలి, సాయంత్రానికల్లా చీఫ్ ఇంజనీరు కుర్చీ తనదనిపించుకోవాలి.

జెట్టు అనేది ఆయన పేరు కాదు, ఆయన జెట్ విమానం తొందరకు ఆఫీసు పెట్టిన బిరుదు. నగర ట్రాఫిక్ విభాగంలో డిప్యూటీ ఇంజనీరు. కిందివాళ్ళు ఎదురుగా సార్ అనీ, ఆయన అటు తిరగ్గానే జెట్టుగారనీ అంటారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. లిఫ్టు రావడానికి ఒకసారి నొక్కితే చాలని ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాడు, అది తప్పని తేలేసరికి గదిలో ఉండడు. ఇంత తొందర మనిషి ఆఫీసుకు వేళకు వచ్చిన రోజు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఎందుకు లేటని అడిగితే ట్రాఫిక్ అంటాడు. ట్రాఫిక్ విభాగంలో జీతం తీసుకునే మనిషి ఆ మాట అనడానికి కాస్త సిగ్గుపడాలి. ఆయనకు ఆ ఇబ్బంది లేదు.

గొడవంతా బస్టాండు నుంచి పెద్దాసుపత్రి దాకా ఉన్న మెయిన్ రోడ్డు గురించి. రెండు పక్కలా కొట్లు, బ్యాంకులు, ఒక బడి. రోడ్డు దాటాలంటే జనం చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాలి. కొత్తగా వచ్చిన కమిషనరమ్మ ఒకరోజు ఆ రోడ్డు పక్కన నిలబడి దాటడానికి ప్రయత్నించి, చివరికి ఆటో మాట్లాడుకుని అవతలి పక్కకు చేరిందట. మర్నాడే మీటింగు పెట్టి, అక్కడ వేగం యాభై నుంచి ముప్పైకి దించుదామంది. జెట్టుగారు ఒంటికాలి మీద లేచాడు.

"ముప్పై అంటే నడక మేడమ్. ఊరు చతికిలపడిపోతుంది. బస్టాండు నుంచి ఆసుపత్రికి వెళ్ళడానికి రెట్టింపు టైము పడుతుంది. కావాలంటే రెండు కార్లు పెట్టి చూపిస్తాను."

"మరి రోడ్డు దాటేవాళ్ళ సంగతి?"

"వాళ్ళని కాస్త చురుగ్గా దాటమనండి."

నలుగురైదుగురు నవ్వారు. కమిషనరమ్మ నవ్వలేదు. "సరే, చూపించండి. ఇద్దరికీ ఒకటే రోడ్డు. అడ్డదారులు లేవు, సైరన్లు లేవు. నెలాఖరుకి చీఫ్ గారు రిటైరవుతున్నారు కదా, ఆ కుర్చీలో ఎవరి మాట నమ్మొచ్చో నాకూ తెలుస్తుంది," అంది.

"నా మాట తప్పైతే ఆ కుర్చీ ఊసెత్తను మేడమ్," అన్నాడు జెట్టుగారు. ఆ కుర్చీ కోసం ఆయన ఎంతమందికి ఎన్ని నమస్కారాలు పెట్టాడో తెలిసినవాళ్ళు ఆ మాటకు ముక్కున వేలేసుకున్నారు.

యాభైలో వెళ్ళే కారు తనే నడుపుతానన్నాడు. ముప్పైలో నడపమంటే ఆఫీసు డ్రైవర్లలో ఒక్కడూ ఒప్పుకోలేదు, మా పరువేం కావాలి సార్ అన్నారు. అప్పుడు ఆయన బుర్రలో అత్తగారు మెరిసింది. ఆవిడ అరవై దాటాక కారు నేర్చుకుంది. చిన్న నీలం కారు. ముప్పై దాటితే కారుకి ఆయాసం వస్తుందని ఆవిడ నమ్మకం. సైకిళ్ళవాళ్ళు ఆవిణ్ణి దాటి వెళ్తూ వెనక్కి తిరిగి పలకరిస్తారు. ఇంతకన్నా మంచి పోటీదారు దొరకదని జెట్టుగారు లోలోపల గంతేశాడు.

"ఏమండీ, మా అమ్మని ఇందులోకి ఎందుకు లాగుతున్నారు?" అని భార్య అడిగింది, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"ఆవిడంత మెల్లగా నడిపేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఆ గొప్పతనం నలుగురికీ తెలియొద్దూ?"

"మీరు రోజూ అంత స్పీడుగా వెళ్ళీ లేటుగానే చేరతారు కదా. ఆ మిగిలిన టైమంతా ఎక్కడ దాస్తున్నారండీ?"

జెట్టుగారు అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దాటాడు. జవాబు లేని ప్రశ్నలు వచ్చినప్పుడు ఆయన తొందర మరీ ఎక్కువవుతుంది.

ఆసుపత్రి గేటు దగ్గర ముందే టెంటు వేయించాడు. దానికో పెద్ద బ్యానరు, "ముప్పైతే ముప్పు" అని. అది ఆయన సొంత కవిత్వం. తన డబ్బుతో తనే పూలగుత్తి కొని అటెండరుకిచ్చి, "మొదట వచ్చినవాళ్ళకి ఇది ఇవ్వు. ఇచ్చేటప్పుడు కొంచెం ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టు," అని రెండుసార్లు నటింపజేసి చూశాడు.

బస్టాండు దగ్గర రెండు కార్లూ పక్కపక్కన నిలిచాయి. జెట్టుగారిది విభాగం వారి తెల్లకారు, పైన పసుపు దీపం, లోపల సైరను మీట. కమిషనరమ్మ తన పక్కనే కూర్చుంటుందని ఆయన ముందు సీటు తుడిపించి, సెంటు కొట్టించి ఉంచాడు. ఆవిడ నేరుగా వెళ్ళి నీలం కారెక్కింది. "ఇబ్బంది పడేది ముప్పైవాళ్ళే కదా, ఆ ఇబ్బందేదో నేనూ పడతాను," అంది. సెంటు వాసన ఒక విలేఖరికి దక్కింది.

"అల్లుడుగారూ, నేను గెలవకపోతే ఏమీ అనుకోరు కదా?" అని అత్తగారు అద్దం దించి అడిగింది.

"అయ్యో అత్తయ్యగారూ, మీరు మీలాగే రండి. అంతకన్నా నాకేం వద్దు."

జెండా ఊపగానే తెల్లకారు రయ్యిమంది. జెట్టుగారి ఛాతీ పొంగింది. "చూశారా," అని విలేఖరి వైపు తిరిగేలోపే మొదటి సిగ్నలు ఎర్రబడింది. కీచుమని ఆపాడు. విలేఖరి తల ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. కాసేపటికి పక్కన ఏదో నీలంగా కనిపించింది. అత్తగారు చెయ్యి ఊపుతోంది.

"ఇది మొదటిదే కదా," అన్నాడు జెట్టుగారు.

రెండో సిగ్నలు దగ్గరా అంతే. ఈయన దూసుకొచ్చి నిలబడి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఎర్రదీపాన్ని తిట్టుకుంటూ ఉంటాడు. ఆవిడ తీరిగ్గా వచ్చి చేరేసరికి పచ్చదీపం వెలుగుతుంది. నిజం చెప్పాలంటే ఆ రోడ్డు మీద యాభైలో రెండు నిమిషాలు వరసగా పోయిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ సంగతి రోజూ ఆ రోడ్డు మీదే ఉద్యోగానికి వెళ్ళే ట్రాఫిక్ ఇంజనీరుకు తప్ప కొత్తిమీర అమ్ముకునేవాడికి కూడా తెలుసు.

మూడో సిగ్నలు దగ్గర నీలం కారులోంచి నవ్వులు వినిపించాయి. అత్తగారు ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుంది. కమిషనరమ్మ కప్పు పట్టుకుని, ఏదో కథ విని పగలబడి నవ్వుతోంది. విలేఖరి ఆ వైపు ఆశగా చూశాడు. ముందుకూ వెనక్కూ ఊగి ఊగి ఆయన మొహం పాలిపోయింది.

"సార్, ఏమీ అనుకోకండి. నేను అందులో వస్తాను. అక్కడ కాఫీ కూడా ఉంది," అని జవాబుకు ఆగకుండా దిగి, నీలం కారు వెనకసీట్లో చేరిపోయాడు.

జెట్టుగారికి తల కొట్టేసినట్టయింది. దానికి తోడు చిన్న అనుమానం మొదలైంది. దారి సగం అయిపోవచ్చింది, అత్తగారు ఇంకా అద్దంలో చుక్కగా మారలేదు. ఇలాగే పోతే ఇద్దరూ కలిసే చేరతారు. కలిసి చేరితే ఓడినట్టే. ఓడితే కుర్చీ పోతుంది. నడుపుతూ ఫోన్ మాట్లాడరాదని ఊరంతా బోర్డులు పెట్టిన విభాగం అధికారి అక్కడికక్కడే ఫోన్ తీసి కంట్రోల్ రూమ్‌కి కొట్టాడు.

"ఏమయ్యా, కెమెరాలో మా రెండు కార్లూ కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి సార్."

"ముందున్న కారుకి ఇక్కణ్ణుంచి ఆసుపత్రి దాకా వరసగా గ్రీన్ ఇచ్చెయ్. అది దాటగానే రెడ్ వేసెయ్. వెనకాల కారు అంగుళం కదలకూడదు."

"ముందున్నదానికే కదా సార్?"

"చెవిటివాడివా? ముందున్నదానికే."

ఇందులో ఆపరేటరు తప్పేమీ లేదు. జెట్టుగారు ఫోన్‌లో ఈ గొప్ప ఆజ్ఞ జారీ చేస్తుండగా పచ్చదీపం పడింది, నీలం కారు వెళ్ళిపోయింది, వెనకవాళ్ళ హారన్లు కూడా ఆయన చెవికెక్కలేదు. కళ్ళెత్తి ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది. కానీ తను ఎవరికన్నా వెనక ఉండే అవకాశముందని ఆయనకు పుట్టి బుద్ధెరిగాక తోచలేదు. ముందున్న కారు అంటే తనదే. ఇక చూసేదేముంది.

నీలం కారు నాలుగో సిగ్నలు దాటింది. తెల్లకారు చేరేసరికి ఎర్రదీపం. అది ఎంతకీ మారలేదు. జెట్టుగారు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. కాసేపటికి ఫోన్ మోగింది.

"సార్, మీరు చెప్పిన పని బ్రహ్మాండంగా అయింది. మీ కారు ఆగకుండా పోతోంది. వెనకాల కారుని గట్టిగా బిగించేశాను. అందులో ఎవడో పిచ్చివాడిలా హారన్ కొడుతున్నాడు సార్."

"ఆ పిచ్చివాణ్ణి నేనేరా," అన్నాడు జెట్టుగారు.

"అయ్యో. ఇప్పుడు మారిస్తే కూడళ్ళన్నీ కలిసి బిగుసుకుపోతాయి సార్. కాస్త ఓపిక పట్టాలి," అన్నాడు ఆపరేటరు.

ఓపిక ఆయన దగ్గర లేని సరుకు. పక్కనే ఒక సందు కనిపించింది. అడ్డదారులు లేవని కమిషనరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. చూసేవాళ్ళు లేరన్నది కూడా గుర్తొచ్చింది. బండి సందులోకి తిప్పాడు. లోపల ఒక లారీలోంచి బీరువా దించుతున్నారు. తప్పుకోండని అరిచాడు, వాళ్ళు వినలేదు. సరే, ఒక నియమం తప్పాక రెండోదానికి మొహమాటమెందుకని పసుపు దీపం వెలిగించి, సైరను మీట నొక్కాడు. బీరువా పక్కకు జరిగింది. జెట్టుగారు మీసం దువ్వుకున్నాడు.

ఆ సందు చివర ఒక ఇంట్లో ఓ పెద్దాయన బల్బు మార్చబోయి స్టూలు మీంచి జారిపడి, కాలు వాచి, మెట్ల మీద కూర్చుని మూలుగుతున్నాడు. ఆయన భార్యా ఇరుగుపొరుగులూ అంబులెన్సుకు ఫోన్ చేసి వీధిలోకి చూస్తున్నారు. తెల్లటి బండి, నెత్తిన దీపం, పెద్ద కూత. అందరూ రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులు ఊపారు.

"ఇది అంబులెన్సు కాదమ్మా," అన్నాడు జెట్టుగారు అద్దం దించి.

"తెల్లగానే ఉంది కదా నాయనా. దీపముంది, కూతుంది. ఇంకేం కావాలి?" అందావిడ.

"ఇది ఆఫీసు కారు. నేను అర్జెంటుగా వెళ్ళాలి."

"మాకూ అర్జెంటే. నువ్వు ఎక్కడికి పోతున్నావు?"

"ఆసుపత్రి దగ్గరికే, కానీ..."

"మరింకేం," అని ఆవిడ వెనక తలుపు తీసింది. ఆయన కానీ తరవాత మాట వెతుక్కునేలోపు ఇరుగుపొరుగులు పెద్దాయన్ని వెనకసీట్లో పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, జాగ్రత్తలు చెప్పి తలుపు వేసేశారు. ఆవిడ గొడుగు పట్టుకుని భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పోనీలే, వీళ్ళేం బరువు, అనుకుని జెట్టుగారు యాక్సిలరేటరు తొక్కాడు. సందులో గతుకులున్నాయి. అవి ఆయన విభాగమే పూడ్చకుండా వదిలేసినవి. పెద్దాయన కెవ్వుమన్నాడు. వెంటనే జెట్టుగారి నడినెత్తి మీద గొడుగు పిడి టక్కుమంది.

"మెల్లగా నాయనా. నువ్వు మోస్తున్నది మనిషినా, సిమెంటు బస్తానా?"

"టైమవుతోందమ్మా."

"టైము ఎక్కడికీ పోదు. కుదిపితే మా ఆయన ప్రాణం పోతుంది."

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ టక్. ఆవిడ కూర్చున్నచోటికి స్పీడు ముల్లు కనిపించదు. అయినా అది ఇరవై దాటిందంటే చాలు, గొడుగు లేచేది. మూడు దెబ్బలయ్యేసరికి జెట్టుగారి కాలు తనంతట తనే తేలికపడింది. యాభై కోసం పుట్టిన మనిషి ఇరవైలో, సైరను కూడా కట్టేసుకుని, మెయిన్ రోడ్డు మీదికి తేలాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఆసుపత్రి ఇంకా కూతవేటు దూరంలో ఉండగా, రోడ్డు పక్కన బడిపిల్లలూ, ఒక గర్భిణీ, చేతికి కట్టు కట్టుకున్న మనిషీ దాటడానికి నిలబడి ఉన్నారు.

"ఆపు నాయనా, పాపం వాళ్ళని పోనీ," అంది వెనకసీటు.

గొడుగు చప్పుడు వినిపించేలోపే జెట్టుగారు ఆపేశాడు. అవతలివాళ్ళు కదలలేదు. కారు తమ కోసం ఆగిందంటే వాళ్ళకు నమ్మకం కలగలేదు. ఇందులో ఏదో మోసముందన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి జెట్టుగారే చెయ్యి బయటపెట్టి, రండి, రండి, అని బతిమాలాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే టెంటు దగ్గర నిలబడ్డ విలేఖరి కెమెరా క్లిక్కుమంది.

గేటు దగ్గర నీలం కారు ఎప్పుడో చేరింది. అత్తగారి చేతిలో పూలగుత్తి ఉంది. అటెండరు చెప్పినట్టే మొదట వచ్చినవాళ్ళకు ఇచ్చాడు. ఆశ్చర్యపోవడానికి ఈసారి నటించాల్సిన పని కూడా పడలేదు. జెట్టుగారికి ఆ పూలు చూడగానే కళ్ళు బైర్లు కమ్మాయి. కుర్చీ, ఆ కుర్చీ వెనకుండే పెద్ద కిటికీ, ఆ గదికి మాత్రమే ఉన్న ఏసీ, అన్నీ ఆయన కళ్ళ ముందే దూరమైపోయాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంతలో పెద్దాయన్ని చక్రాల కుర్చీలోకి దించారు. ఆయన జెట్టుగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఎంత నెమ్మదస్తుడమ్మా ఈ బాబు. దారిన పోతున్నవాడు ఆగి, నన్ను ఎక్కించుకుని, పువ్వులా తీసుకొచ్చాడు. ఇంకొకడైతే యాభైలో తోలి చంపేసేవాడు."

కమిషనరమ్మ జెట్టుగారిని కిందనుంచి పైదాకా చూసింది. "మీరు సందులోంచి తేలడం చూశాను. అడ్డదారిలో వెళ్ళింది ఈయన కోసమా?"

"అవును మేడమ్," అన్నాడు జెట్టుగారు. అబద్ధం కూడా అంత వేగంగా రావడం ఆయనకే వింతగా తోచింది.

"అంటే పోటీ ఓడిపోతానని తెలిసే వెళ్ళారన్నమాట. సరే. ఇంకో మాట. మాకు సగం దారి నుంచి ఒక్క రెడ్ కూడా తగల్లేదు. సిగ్నళ్ళలో ఎవరైనా వేలు పెట్టారా? పెట్టి ఉంటే ఈ పరీక్ష చెల్లదు. మళ్ళీ పెట్టుకోవాలి."

అదీ అవకాశం. నేనే పెట్టాను మేడమ్ అంటే చాలు, ఈ ఓటమి రద్దయిపోతుంది. దాంతోపాటు ఉద్యోగమూ రద్దవుతుంది. జెట్టుగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అత్తగారు, విలేఖరి, అటెండరు, గొడుగావిడ, అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"లేదు మేడమ్," అన్నాడు. ఆగితే అనుమానం వస్తుందని భయపడి ఇంకా కొనసాగించాడు. "ముప్పైలో నిలకడగా వెళ్తే సిగ్నళ్ళు అలా కలిసొస్తాయి. అది... ఇంజనీరింగు మేడమ్. దూకుడుగా పోయేవాడికే రెడ్లు తగులుతాయి."

"ఈ మాట మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"చేసి చూపిస్తే నమ్ముతారని."

"మరి ఈ బ్యానరేమిటి? ముప్పైతే ముప్పు అని."

జెట్టుగారు తలెత్తి తన కవిత్వం చదువుకున్నాడు. "ముప్పై దాటితే ముప్పు అని రాయమన్నాను మేడమ్. రాసినవాడు మధ్యలో ముక్క మింగేశాడు."

విలేఖరి అంతా రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో జెట్టుగారు కారులోంచి చెయ్యి చాపి బడిపిల్లల్ని రమ్మంటున్న ఫోటో అచ్చయింది. వేగానికి బద్ధశత్రువు అని దాని కింద రాశారు. ఇంట్లో భార్య ఆ ఫోటో చూసి, ఆయన నెత్తి మీది బొప్పికి మందు రాసింది.

నెలాఖరున కమిషనరమ్మ పిలిపించింది. "మీ మాట తప్పైతే కుర్చీ ఊసెత్తనన్నారు. మీరు ఎత్తక్కర్లేదు, నేనే ఇస్తున్నాను. ఒక్కటే పని. ఆ రోడ్డు మీద ముప్పై అమలు బాధ్యత మీది. కెమెరాలు పెట్టించండి. మన విభాగం కార్లకు కూడా మినహాయింపు లేదు, ముఖ్యంగా మీ కారుకి. ఒక్కసారి ముప్పై దాటినా ఊరంతా నవ్వుతుంది, నేను మాత్రం నవ్వను."

జెట్టుగారు మింగలేకా కక్కలేకా థాంక్యూ మేడమ్ అన్నాడు. కుర్చీ వచ్చింది, కిటికీ వచ్చింది, ఏసీ కూడా వచ్చింది. ఆ మెయిన్ రోడ్డు మీద ఇప్పుడు జనం చెప్పులు కాళ్ళకే ఉంచుకుని దాటుతున్నారు. ఎవరి పుణ్యమని అడిగితే ఫోటోలో ఆయన్నే చూపిస్తారు. ఆయన కాదనడు. పొరపాటున చేసిన మంచిపని మీద మనుషులకు ఎంత మమకారమో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

మొదటి సోమవారం కొత్త చీఫ్ ఇంజనీరు కెమెరాల భయానికి ముల్లు మీంచి కన్ను తిప్పకుండా, ఎందుకైనా మంచిదని ఇరవైలోనే ఆఫీసుకు బయల్దేరాడు. బడి దాటాక వెనకాల ఎవరో ఆగకుండా హారన్ కొట్టడం మొదలుపెట్టారు. ఎవడీ తొందరగాడని ఒళ్ళు మండి అద్దంలో చూశాడు. నీలం కారు. అత్తగారు అద్దం దించి తల బయటపెట్టింది.

"అల్లుడుగారూ, కాస్త గబగబా పోనివ్వండి బాబూ, నాకు పనుంది."

ఆవిడ ముప్పైలోనే వస్తోంది.